చివరి తూము దాకా: జలవనరుల ఉద్యోగాల మీద పాఠకుల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నీళ్ల ఉద్యోగాల గురించే. నెల్లూరు, ఒంగోలు, కనిగిరి, మార్కాపురం వైపు నుంచి చదువుకునే పిల్లలు రాశారు, సర్వీసులో ఉన్న ఇంజనీర్లు రాశారు, ఒక తల్లి రాశారు, ఒక రైతు కూడా రాశారు. కొందరు డ్యూటీలో ఉన్నవాళ్లు కాబట్టి అందరి పేర్లూ తీసేసి ఊరు మాత్రం ఉంచాను. నేను ఈ శాఖలో పనిచేసి రిటైరైన ఇంజనీరుని, నాకు తెలిసింది తెలిసినట్టు చెబుతాను.

సార్, మాది ఆత్మకూరు. బీటెక్ సివిల్ మూడో ఏడు చదువుతున్నాను. క్లాసులో సగం మంది కోడింగ్ కోచింగ్‌లో చేరిపోయారు. నాకేమో హైడ్రాలజీ, ఇరిగేషన్ సబ్జెక్టులే ఇష్టం. "నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలుసు, వాటి మీద ఆశ పెట్టుకోకు" అంటున్నారు మా నాన్న. ఈ లైన్లో నిజంగా భవిష్యత్తు ఉందా?
— విద్యార్థిని, ఆత్మకూరు

ఉందమ్మా. కానీ మీ నాన్నగారి మాటలోనూ నిజం ఉంది, ముందు అది తేల్చుకుందాం. ఏపీపీఎస్సీ ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) నోటిఫికేషన్ ఏటా రాదు, వచ్చినప్పుడు పోటీ విపరీతం, అదొక్కటే పట్టుకుని ఇంట్లో కూర్చుంటే నాలుగైదేళ్లు ఇట్టే కరిగిపోతాయి. అలా కరిగిపోయిన మంచి పిల్లల్ని చాలామందిని చూశాను. ఏఈఈకి చదువు, కానీ చేతిలో ఇంకో పని పెట్టుకుని చదువు.

గేట్ పరీక్ష రాసి ఎంటెక్ చెయ్యడం నాకు అన్నిటికన్నా నమ్మకమైన దారి. వరంగల్ నిట్‌లో వాటర్ రిసోర్సెస్ ఇంజనీరింగ్ ఉంది, మద్రాసు అన్నా యూనివర్సిటీలో దీనికోసమే ఒక సెంటర్ ఉంది, ఇంక రూర్కీ సంగతి చెప్పనక్కర్లేదు. 1847లో ఆ కాలేజీ పెట్టిందే గంగ కాలువ పనికి ఇంజనీర్లు కావాలని. జాతీయ హైడ్రాలజీ సంస్థ కూడా రూర్కీలోనే ఉంది, దాని డెల్టా ప్రాంతీయ కేంద్రం మన కాకినాడలో ఉంది. యూపీఎస్సీ ఇంజనీరింగ్ సర్వీసెస్ పరీక్షలో మంచి ర్యాంకు వస్తే సెంట్రల్ వాటర్ కమిషన్‌లో గ్రూప్-ఏ ఉద్యోగం. కేంద్ర ప్రభుత్వ సంస్థ వాప్కోస్ ఉంది, ప్రైవేటు కన్సల్టెన్సీలు ఉన్నాయి, పట్టణాల్లో మురుగు, వాన నీటి కాలువల డిజైన్ చేసే కంపెనీలు ఉన్నాయి. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ వాళ్లతో పోలిస్తే తక్కువే ఉంటుంది, అది దాచి లాభం లేదు.

ఇప్పుడు నువ్వు చెయ్యగలిగిన పని ఒకటి చెబుతాను. హెక్-రాస్ అని అమెరికా సైన్యం ఇంజనీర్లు తయారుచేసిన సాఫ్ట్‌వేర్ ఉంది, నదిలో వరద ఎంత ఎత్తున ఎక్కడిదాకా పోతుందో లెక్కకడుతుంది, పూర్తిగా ఉచితం. మ్యాపులు గీసే క్యూజీఐఎస్ కూడా ఉచితమే. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద నీకు గుర్తుండే ఉంటుంది, సోమశిల నుంచి లక్షల క్యూసెక్కులు (సెకనుకి ఒక ఘనపుటడుగు పారితే ఒక క్యూసెక్కు) కిందికి వదిలారు, కోవూరు దగ్గర పడుగుపాడులో రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి మద్రాసు లైన్ ఆగిపోయింది. నీ ఫైనలియర్ ప్రాజెక్టుకి ఆ వరదే తీసుకో. సోమశిల నుంచి నెల్లూరు దాకా నదిని కంప్యూటర్లో కట్టి, ఆ వరద వదిలి, ఏ ఊరు మునగాలో నీ లెక్క ఏం చెబుతుందో చూడు. ఆ తర్వాత సంగం, జొన్నవాడ, కోవూరు వైపు వెళ్లి, నీళ్లు ఎంతవరకు వచ్చాయని గోడల మీద మరకలు చూపించమని అక్కడి వాళ్లనే అడుగు. నీ లెక్కకీ గోడ మీద మరకకీ ఎంత తేడా వచ్చిందో, ఎందుకొచ్చిందో రాసుకున్న అమ్మాయిని ఏ ఇంటర్వ్యూలోనూ తేలిగ్గా తీసెయ్యరు. సర్టిఫికెట్ కోర్సులు పది చేసినా ఆ బలం రాదు.

ఆడపిల్లవి కదా అని ఎవరైనా వెనక్కి లాగితే అయ్యలసోమయాజుల లలిత గారి పేరు చెప్పు. మన తెలుగావిడే, 1940లలో గిండీలో ఇంజనీరింగ్ చదివింది, పసిబిడ్డ తల్లిగా, భర్త పోయిన తర్వాత. ఎలక్ట్రికల్ ఇంజనీరుగా భాక్రా నంగల్ విద్యుత్ లైన్లకి పనిచేసింది.

నమస్కారం సార్. నాగార్జునసాగర్ కుడి కాలువ కింద, ఒంగోలు బ్రాంచిలో ఒక సెక్షన్‌కి ఏఈఈగా చేరి ఏడాది కావస్తోంది. నా వయసు 26. లస్కర్లు, అంటే కాలువ మీద షట్టర్లు చూసే సిబ్బంది, మా నాన్న వయసు వాళ్లు, నా మాట వినీ విననట్టు ఉంటారు. పైన రైతులు రాత్రిపూట షట్టర్లు ఎత్తేస్తారు, చివరి ఊళ్ల వాళ్లు పొద్దున్నే ఆఫీసుకొచ్చి అరుస్తారు. ఫోన్ మోగితే టెన్షన్. లీడర్‌షిప్ అంటే ఏంటో మాకు కాలేజీలో ఎవరూ నేర్పలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఏఈఈ, ప్రకాశం జిల్లా

బాబూ, చివరి నుంచి మొదలుపెట్టు. ఈ జవాబు కొంచెం పెద్దదవుతుంది, ఓపిగ్గా చదువు.

సాగర్ కుడి కాలువ మొత్తం 200 కిలోమీటర్ల పైన ఉంటుంది, గుంటూరు వైపంతా దాటాకే మన జిల్లాకొస్తుంది. గుంటూరు వైపు అందరూ తీసుకోగా మిగిలింది మనకి, మన బ్రాంచిలో పైవాళ్లు తీసుకోగా మిగిలింది నీ సెక్షన్‌కి, నీ సెక్షన్లో మేజరు (బ్రాంచి నుంచి చీలే కాలువ) మొదట్లో వాళ్లు తీసుకోగా మిగిలింది చివరి మైనరుకి (మేజరు నుంచి చీలే చిన్న కాలువకి). నీ దగ్గరికొచ్చి అరిచేవాడు ఇన్ని చేతులు దాటిన తర్వాత మిగిలిన నీళ్ల కోసం అరుస్తున్నాడు. ఈ ఏడాదిలో వాళ్ల పొలాల దాకా నువ్వు ఎన్నిసార్లు వెళ్లావో నాకు తెలీదు గానీ, ఇప్పటిదాకా జీపు వెళ్లేంత వరకే వెళ్లుంటే, ఇకనుంచి చివరి తూము దాకా గట్టు మీద నడిచి వెళ్లు. లస్కర్ని వెంటబెట్టుకుని వెళ్లు. నడుస్తుంటే ఎక్కడ గట్టు కోసి పైపు వేశారో, ఎక్కడ గుర్రపుడెక్క పట్టిందో, ఎక్కడ లైనింగ్ పలక కూలి నీళ్లు గట్టులోకి దిగుతున్నాయో ఆయన తనంతట తానే చెబుతాడు. ఆఫీసులో నిలబెట్టి అడిగితే చెప్పడు. ఆయన చెప్పింది నోట్ బుక్కులో రాసుకో, ఆయన ముందే రాసుకో.

ఇంకో సంగతి. లస్కర్లలో చాలామంది ఇప్పుడు అవుట్‌సోర్సింగ్ వాళ్లే, నెలలకు నెలలు జీతం రాని సందర్భాలు ఉంటాయి. వాళ్ల హాజరు, వాళ్ల బిల్లు నీ టేబుల్ మీద ఒక్కరోజు కూడా ఆగకూడదు. పైన ఆగితే ఎక్కడ ఆగిందో కనుక్కుని వాళ్లకి చెప్పు. నీ మాట వినడం లేదని రాశావు, ఈ ఒక్క పని రెండు నెలలు చేసి చూడు.

ఇక నీళ్ల లెక్క. వెడల్పాటి కాలువలో లోతు సగానికి తగ్గితే పారకం సగానికి తగ్గదు, దాదాపు మూడో వంతుకి పడిపోతుంది. నువ్వు మ్యానింగ్ ఫార్ములా చదివే ఉంటావు, వేసి చూసుకో. పైగా లోతు తగ్గేసరికి ఎత్తులో ఉన్న కొన్ని తూములకి అసలు నీళ్లు అందవు. అందుకే కాలువ సగం నిండుగా పారిస్తూ అందరికీ తలా కొంచెం ఇద్దామనుకుంటే చివరివాడికి ఏమీ మిగలదు, దారిలో ఇంకిపోయేదే ఎక్కువవుతుంది. దానికన్నా వంతులు పెట్టి, సగం మేజర్లు పూర్తిగా మూసి, మిగతా సగానికి నిండు కాలువ ఇచ్చి, వారానికో పది రోజులకో మార్చడం మేలు. అన్ని తూములూ తెరిచి ఉంచితే పైనున్న రైతుకి ఎప్పుడు ఆగిపోతాయోనని భయం, అందుకే రాత్రి షట్టరు ఎత్తుతాడు. నీ వంతు ఫలానా తేదీన మొదలవుతుంది, ఫలానా తేదీన అయిపోతుంది అని చెప్పి రెండు మూడు సార్లు మాట నిలబెట్టుకుంటే ఆ భయం చాలావరకు పోతుంది. ముందు వంతు చివరి ఊళ్లకివ్వు. మొదటి తడికే నీళ్లు చూసినవాడు తర్వాత ఆగమంటే ఆగుతాడు.

గేజీలు (నీటి లోతు చూపే కొలబద్దలు) బాగుచేయించి, రంగు వేయించి, మేజరు మొదట్లో ఒకటి, చివర ఒకటి రోజూ ఒకే టైముకి చదివించు. ఆ రెండు అంకెలూ ప్రతి ఊరి పంచాయతీ ఆఫీసు బయట బోర్డు మీద రాయించు, వాట్సాప్ గ్రూపులో పెట్టు. పైన ఎంత వస్తోంది, కింద ఎంత చేరుతోంది అందరికీ కనబడితే "మా నీళ్లు మీరు అమ్ముకున్నారు" అనే మాట తగ్గుతుంది. అంకె బాగాలేని రోజు కూడా రాయాలి, ఆ రోజే ముఖ్యంగా రాయాలి. పైకి పంపే రిపోర్టులో ఒక అంకె, బోర్డు మీద ఇంకో అంకె ఉందో, నీ ఉద్యోగంలో నీకున్న పరపతి ఆ రోజుతో సరి.

రాత్రి షట్టర్ల దగ్గరికి ఒంటరిగా వెళ్లొద్దు. నీటి సంఘం ప్రెసిడెంటుని తీసుకెళ్లు, తప్పదనుకుంటే వీఆర్వోని, పోలీసుని కూడా. 1997 రైతుల సాగునీటి నిర్వహణ చట్టం వచ్చాక నీళ్లు పంచడంలో సంఘాలకి బాధ్యత ఉంది, వాళ్లని పక్కన పెట్టి నువ్వొక్కడివే పంచలేవు. ప్రెసిడెంట్లలో రకరకాల పార్టీల వాళ్లు ఉంటారు, అది నీ గొడవ కాదు, మీటింగుకి అందరినీ ఒకేసారి పిలువు, విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడితే మాటలు మారిపోతాయి. ఎమ్మెల్యే గారి మనిషి ఫోన్ చేసి ఫలానా తూము ఎత్తమంటే "వంతుల కాగితం మీకూ పంపిస్తానండీ, ఈఈ గారు సంతకం పెట్టారు" అని మర్యాదగా చెప్పు. ఆ కాగితం మీద ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) గారి సంతకం సీజను మొదలవక ముందే పెట్టించుకోవాలి, గొడవ మొదలయ్యాక ఎవరూ పెట్టరు.

అన్నిటికన్నా కష్టమైనది చివర్లో చెబుతున్నాను. నీళ్లు రావని తెలిసినప్పుడు "రేపొస్తాయి" అనొద్దు. రావని చెప్పు, తిట్లు తిను. ఆ మాట ముందే తెలిస్తే రైతు వరి మానేసి శనగో కందో వేసుకుంటాడు, అప్పు తగ్గుతుంది. నాట్లు వేయించి ఎండగట్టిన ఇంజనీరుని ఊరు మర్చిపోదు.

అయ్యా, మాది కనిగిరి దగ్గర పల్లె. మా అమ్మాయి ఎమ్మెస్సీ జియాలజీ చదివింది. భూగర్భ జలాల శాఖలో ఉద్యోగానికి ప్రయత్నిస్తానంటోంది. బోర్లు, కొండలు, ఎండలో తిరుగుడు, ఆడపిల్లకి సరిపడుతుందా అని భయంగా ఉంది.
— ఒక తల్లి, కనిగిరి

సరిపడుతుందమ్మా. మీ ఊరికి అలాంటి పిల్లే కావాలి. కనిగిరి వైపు నీళ్లలో ఫ్లోరైడ్ బాధ ఏంటో మీకు నేను చెప్పాలా? లీటరుకి ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే ఒకటిన్నర దాకా ఒప్పుకోవచ్చు అన్నది మన దేశ ప్రమాణం. అది దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, ఎముకలు బిగుసుకుపోతాయి. ఆ ఫ్లోరైడ్ ఎక్కడినుంచో రాదు, మన కిందున్న రాతిలోంచే నీళ్లలోకి దిగుతుంది. ఏ బోరులో ఎక్కువ, ఏ బోరులో తక్కువ, ఎంత లోతున మారుతుంది అని ఊరూరా పట్టిక వెయ్యాలంటే జియాలజీ చదివినవాళ్లే కావాలి.

రాష్ట్ర భూగర్భ జల శాఖలో హైడ్రోజియాలజీ, జియోఫిజిక్స్ పోస్టులు ఉంటాయి. కేంద్ర భూగర్భ జల బోర్డుకి యూపీఎస్సీ వాళ్ల కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష రాయాలి, దానికి ఇప్పటినుంచే కూర్చోమనండి. డ్వామా (జిల్లా నీటి యాజమాన్య సంస్థ) వాటర్‌షెడ్ పనుల్లో, స్వచ్ఛంద సంస్థల్లో కూడా కాంట్రాక్టు ఉద్యోగాలు వస్తుంటాయి, పేరు చిన్నదైనా పని నేర్పుతాయి.

ఈ పనిలో నాయకత్వం ఎలా ఉంటుందో మన జిల్లాలోనే ఒక ఉదాహరణ ఉంది. 2003 తర్వాత ప్రకాశంతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో ఏపీఫామ్స్ అనే కార్యక్రమం నడిచింది. రైతులే, అందులో ఆడవాళ్లు కూడా, టేపు పట్టుకుని బోర్లలో నీటి మట్టం కొలిచారు, వాన కొలిచారు, రబీకి ముందు అందరూ కూర్చుని ఊరి కింద ఎన్ని నీళ్లున్నాయి, ఏ పంటకి ఎన్ని కావాలి అని లెక్క వేసుకున్నారు. ఫలానా పంట వెయ్యొద్దని ఎవరూ ఆర్డరు వెయ్యలేదు. లెక్క చూసుకుని చాలామంది వరి తగ్గించుకున్నారు.

మీ భయంలో ఒకటి మాత్రం నిజం. ఫీల్డులో ఆడవాళ్లకి మరుగుదొడ్డి ఉండదు, చీకటి పడితే తిరిగి రావడానికి బండి ఉండదు. ఇవి అడగడం తప్పు కాదని అమ్మాయికి మొదటి రోజే చెప్పి పంపండి. అడిగినవాళ్ల వల్లే ఇప్పటికి కొంత మారింది.

సార్, నేను పాలిటెక్నిక్ సివిల్ ఫైనలియర్. డిప్లొమాతో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) అయితే జీవితాంతం కిందే ఉండిపోతామా?
— విద్యార్థి, గూడూరు

ఉండిపోవు నాయనా. డిప్లొమాతో ఏఈ, డిగ్రీతో ఏఈఈ, ఇద్దరికీ ప్రమోషన్ దారులు ఉన్నాయి, డిగ్రీ ఉంటే వేగం ఎక్కువ. ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏట్లో చేరు, లేదా ఉద్యోగం వచ్చాక డిగ్రీ పూర్తిచేసుకో. కట్ట మీద మట్టి పని, కాంక్రీటు పని దగ్గరుండి చేయించడంలో డిప్లొమా వాళ్లకి ఉండే ఒడుపు వేరు, దాన్ని తక్కువగా చూసుకోవద్దు.

నేను డీఈఈగా (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా) పనిచేస్తున్నాను. నా పరిధిలో ఒక మధ్యతరహా రిజర్వాయరు ఉంది. గుండ్లకమ్మ గేట్లు పోయినప్పటినుంచి నాకు తుఫాను పేరు వింటే నిద్ర పట్టదు. రిపేర్లకి ఎస్టిమేటు పంపితే ఫండ్స్ లేవంటారు. రేపేదైనా జరిగితే నన్నే సస్పెండ్ చేస్తారు. ఈ భయంతో నాయకత్వం ఎలా?
— డీఈఈ (ఊరు రాయవద్దన్నారు)

మీ భయం న్యాయమైనది. మల్లవరం దగ్గర గుండ్లకమ్మలో 2022 ఆగస్టులో మూడో నంబరు గేటు దెబ్బతింది, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానప్పుడు రెండో నంబరు గేటు కొట్టుకుపోయింది. 3.8 టీఎంసీల చిన్న ప్రాజెక్టు అది, పట్టుకున్న నీళ్లు కళ్లముందే సముద్రానికి పోయాయి. అంతకుముందు 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి కింది పల్లెల్లో ప్రాణాలే పోయాయి. అక్కడా ఒక గేటు పనిచెయ్యని స్థితిలో ఉందన్నది అప్పట్లో బయటికొచ్చిన విషయమే. 2024 ఆగస్టులో తుంగభద్రలో 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. అంత పెద్ద డ్యాము, అంత పేరున్న బోర్డు. కాబట్టి మీ రిజర్వాయరు గురించి మీరు పడే భయం పిరికితనం కాదు.

చెయ్యాల్సింది ఏంటంటే, మాటలతో అడగడం ఆపి కాగితం మీదికి రండి. 2021 డ్యాం భద్రతా చట్టం వర్షాలకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తనిఖీ చెయ్యాలంటోంది, ప్రమాదం వస్తే ఏం చెయ్యాలో ముందే ప్లాను ఉండాలంటోంది. మీ డ్యాము ఆ చట్టం కిందికి వస్తే తనిఖీ రిపోర్టులో గేటు గేటుకీ విడిగా రాయండి. తాడు ఎన్ని పోగులు తెగింది, రబ్బరు సీలు ఎక్కడ లీకు, గేటు పలక ఏ మేరకు తుప్పు తింది, మోటారు పనిచేస్తోందా, కరెంటు పోతే జనరేటరు ఎన్ని నిమిషాల్లో స్టార్ట్ అవుతుంది, ఫొటోలతో. మొత్తంగా "గేట్లకు మరమ్మతులు అవసరం" అని రాసి, కింద ఒకే పెద్ద అంకె వేసిన ఎస్టిమేటు పక్కన పడేస్తారు. అదే నాలుగో గేటు తాడుకి ఇంత, ఇది ఈ వానాకాలం లోపల మార్చకపోతే ఈ గేటు ఎత్తడం సాధ్యపడదు అని రాస్తే, ఆ ఫైలు వెనక్కి పంపే అధికారి చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. చిన్న పనులు విడగొట్టి, మీ స్థాయిలో మంజూరయ్యేవి ముందు చేసెయ్యండి. గ్రీజు, తాళ్లు, బోల్టులు, డీజిలు. పెద్ద మంజూరు కోసం ఇవి ఆపొద్దు.

మే నెలలో ప్రతి గేటూ ఎత్తి దించి చూడండి, మీరు స్వయంగా కట్ట మీద నిలబడి. స్టాప్‌లాగులు (గేటు పోతే గాడుల్లో దించి నీళ్లు ఆపే పలకలు) ఎన్ని ఉన్నాయో, గాడుల్లో సరిగ్గా దిగుతున్నాయో దించి చూడండి. అవి కట్ట పక్కన గడ్డిలో పడి ఉన్న ప్రాజెక్టులు నేను చూశాను. తుంగభద్రలో ఆ రోజు నదిని ఆపింది స్టాప్‌లాగులే. పారే నీటిలో వాటిని దించడానికి ముందుకొచ్చింది మన చిత్తూరు వైపు నుంచి వెళ్లిన కన్నయ్య నాయుడు గారు. రిటైరై పెద్ద వయసులో ఉన్న మనిషి, జీవితమంతా గేట్ల మీదే పనిచేసినవాడు. మన శాఖలో సివిల్ వాళ్లు వేలమంది ఉంటారు గానీ గేట్లు తెలిసిన మెకానికల్ వాళ్లు చాలా కొద్దిమంది, ఆ కొరత ఎవరికీ పట్టడం లేదని నా బాధ. మీ కింద మెకానికల్ చదివిన కుర్రాడు ఎవరైనా ఉంటే వాణ్ని గేట్ల పనిలో పెట్టి తయారుచెయ్యండి.

సస్పెన్షన్ గురించి. కాగితం ఉన్నవాణ్ని కూడా సస్పెండ్ చెయ్యొచ్చు, చెయ్యరని నేను హామీ ఇవ్వలేను. కానీ విచారణలో ఆ కాగితమే మాట్లాడుతుంది. తుఫాను రాత్రి ఏ గేటు నమ్మాలో, ఏది నమ్మకూడదో మీకు ముందే తెలిసి ఉంటుంది, కింది ఊళ్లకి కబురు ముందే వెళుతుంది.

సార్, మాది మార్కాపురం. బీటెక్ అయిపోయింది. వెలిగొండ పూర్తయితే మా వైపు ఇంజనీర్లకి ఉద్యోగాలు ఉంటాయా, లేక కట్టడం అయిపోగానే అందరూ సర్దుకుని వెళ్లిపోతారా?
— నిరుద్యోగి, మార్కాపురం

కట్టే కంపెనీలు వెళ్లిపోతాయి, నీళ్లు పంచేవాళ్లు ఉండాలి. 1996లో శంకుస్థాపన జరిగిన ప్రాజెక్టు ఇది. కొల్లంవాగు దగ్గర శ్రీశైలం నీళ్లు తీసుకుని దాదాపు 19 కిలోమీటర్ల జంట సొరంగాల్లో నల్లమల కిందుగా తెచ్చి నల్లమల సాగర్ రిజర్వాయరు నింపాలి, లెక్క 43.5 టీఎంసీలు. రెండో సొరంగం తవ్వకం 2024 జనవరికి అయింది. సొరంగం అవతల లైనింగ్, ఫీడరు కాలువ, ముంపు ఊళ్ల పునరావాసం, ఆ తర్వాత లక్షల ఎకరాలకి పిల్ల కాలువలు. ఈ పిల్ల కాలువల పని ఒక తరం నడుస్తుంది, సర్వేకి, భూసేకరణకి, డిజైన్లకి, నీటి సంఘాలు కట్టడానికి మనుషులు కావాలి. పునరావాసం పని కూడా ఇంజనీర్ల పనేనని నేను గట్టిగా నమ్ముతాను. ఊరు ఖాళీ చేసినవాళ్లకి కొత్త కాలనీలో కుళాయి, మురుగు కాలువ సరిగ్గా ఉన్నాయా అని చూసేవాడు వాళ్లలో ఒకడుగా ఉండాలి.

మీ ప్రాంతానికి నీళ్ల పని కొత్త కాదు. గుండ్లకమ్మకి అడ్డంగా రెండు కొండల మధ్య కట్టిన కంభం చెరువు విజయనగర రాజుల కాలం నుంచి పనిచేస్తోంది, 2020లో ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తింపు వచ్చింది. విశ్వేశ్వరయ్య గారి పూర్వీకుల ఊరు మోక్షగుండం మీ బేస్తవారిపేట మండలంలోనే ఉంది. కొంచెం పక్కకి వెళితే కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి చెరువు శాసనం ఉంది, మంచి చెరువుకి ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు చెబుతుంది. జలశాస్త్రం తెలిసిన మనిషి ఉండటం ఒక అంగం. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం ఒక దోషం, నీళ్లు తక్కువై తడపాల్సిన భూమి ఎక్కువ కావడం ఇంకో దోషం. వెలిగొండ నీళ్లు వచ్చాక నీకు ఎదురయ్యేవి కూడా ఈ రెండే. ఒకసారి వెళ్లి ఆ శాసనం చూసి రా, ఆ తర్వాత సర్వే, జీఐఎస్ నేర్చుకో, ఖాళీగా మాత్రం ఉండకు.

ఇంజనీరు గారూ, మాది కోవూరు కింద ఆరెకరాల కయ్య. సోమశిలలో నీళ్లు నిండుగా ఉన్నాయని పేపర్లో వేస్తారు, ఎడగారుకి (రెండో పంటకి) మాత్రం అనుమానమే అంటారు. ఈ టీఎంసీల లెక్క మాకు అర్థమయ్యేలా చెప్పండి.
— రైతు, కోవూరు

తప్పకుండా అన్నా. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. దాన్ని పదివేల ఎకరాల మీద సమంగా పోస్తే రెండుంపావు అడుగుల పైన నిలబడుతుంది. వరికి, దారిలో ఇంకిపోయేది కూడా కలుపుకుంటే, అంతకన్నా ఎక్కువే పడుతుంది. పెన్నా డెల్టా ఆయకట్టు 2.47 లక్షల ఎకరాలు. అంటే ఎంత పొదుపుగా వాడినా ఒక పంటకి పాతిక టీఎంసీలు పోతాయి, మామూలుగా వాడితే ఇంకా ఎక్కువ.

సోమశిల నిండితే 78 టీఎంసీలు. అందులో అడుగున ఉండేది తూముకి అందదు. ఎండకి ఆవిరయ్యేది పోవాలి, నెల్లూరుకి, ఊళ్లకి తాగునీళ్లు పక్కన పెట్టాలి, కావలి కాలువ, ఉత్తర, దక్షిణ కాలువలు ఉన్నాయి. ఇంకా కండలేరుకి వెళ్లాలి, అది 68 టీఎంసీల చెరువు, అక్కడినుంచి మద్రాసుకి ఏటా ఇవ్వాల్సింది 12 టీఎంసీలు. వెయ్యి క్యూసెక్కుల చొప్పున వదిలితే దానికే 139 రోజులు పడుతుంది. నిండిన ఏడు ఎడగారుకి ఇబ్బంది లేదు. సగం నిండిన ఏడు, వచ్చే వానాకాలం ఎలా ఉంటుందో తెలీనప్పుడు, ఎంత ఉంచుకోవాలన్న దగ్గరే అనుమానం.

ఆ అనుమానం తీర్చేది సాగునీటి సలహా మండలి మీటింగు, ఐఏబీ అంటారు. మీ నీటి సంఘం ప్రెసిడెంటుని ఆ మీటింగుకి వెళ్లేముందు పట్టుకోండి. తూముకి అందే నీళ్లు ఎన్ని, తాగునీళ్లకి ఎన్ని ఉంచారు, మన కాలువకి ఎన్ని, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అని అడిగి రమ్మనండి. జవాబు కాగితం మీద తెచ్చుకోమనండి. ఆ తేదీలు వచ్చాకే నారు పొయ్యండి. మొత్తం ఆరెకరాలకి నీళ్లు రావని తేలితే మూడెకరాలు వరి వేసి, మిగతాది మినుముకి వదలండి.